దేవుడికి విడిచిన నల్ల పొట్టేలు

మా ఇంట్లో దేవుడికి విడిచిన పొట్టేలు విషయంలో నేనొక తప్పు చేశాను. చేసింది నేనేనని ఎంత మొత్తుకున్నా మా కులపెద్దలు ఈ రోజుకీ నమ్మరు. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్లకు నాతో చుట్టరికం లేదు కాబట్టి నమ్ముతారేమోనని ఆశ.

మాది బోధన్ నుంచి కోటగిరి పోయే దారికి ఎగువన, కాల్వ నీళ్లు ఎక్కని మిట్ట మీద మూడెకరాల చెల్క. కిందికి చూస్తే కనుచూపు మేర వరి, చెరుకు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల పొలాలే అక్కడ ఎక్కువ. మా మిట్ట మీద వాన పడితే జొన్న, పెసర, కంది. పడకపోతే గొర్రెలే దిక్కు. నిజామాబాద్ టౌన్‌లో పుట్టి, పదో తరగతి పాసై, గొర్రె వాసనంటే ముక్కు మూసుకునే పిల్లను తెచ్చి ఈ మిట్ట మీద కోడలిని చేశారు. మొదటి ఏడాదంతా ఏడ్చాను. రెండో ఏడాది నుంచి పోట్లాడడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లు దాటింది, ఇంకా ఆపలేదు.

నేను వచ్చేనాటికి మా మామ మందంతా నల్ల గొర్రెలే. ఒంటి నిండా ఉన్ని ఉండే జాతి. ఎత్తు తక్కువ, కాళ్లు పొట్టి, ముక్కు దూలం వంపు తిరిగి ఉంటుంది. అందం మాత్రం అడగకండి. కానీ ఎండాకాలంలో నాలుగు తుమ్మకాయలు దొరికినా, రాళ్ల సందున ఇంత ఎండుగడ్డి దొరికినా బతికేస్తాయి. పొద్దంతా నడిపించినా మూలగవు. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తే గొంగడికి వస్తుంది. కోత అయిన పొలంలో మందను నాలుగు రోజులు ఆపితే ఆ పొలానికి వేరే ఎరువు అక్కర్లేదు. ఈనిన గొర్రె పాలు పిల్ల తాగగా మిగిలితే ఇంట్లో చాయ్‌కి. చుట్టాలొస్తే మాంసం. ఇంటికి ఏ వైపు చూసినా అదే ఆసరా.

ఆ మందను మామ పొట్టేలును బట్టి నిలబెట్టుకొచ్చాడు. ఏ పొట్టేలును ఉంచాలి, దేన్ని తీసేయాలి అన్నది వేళ్లతో తేల్చేవాడు. మెడ వెనక, డొక్క మీద, తొడ మీద బొచ్చు విడదీసి రెండు వేళ్ల మధ్య నలిపేవాడు. ఉన్ని మధ్యలో ఒక్క గరుకు వెంట్రుక తగిలినా ఆ పొట్టేలుకు మందలో చోటు లేదు. ముసలితనంలో కళ్లకు పొర కమ్మింది. అయినా ఆయన లెక్క తప్పలేదు.

ఆ మందను చెడగొట్టింది నేనే. ఒక ఏడాది గట్టిగా పట్టుబట్టాను.

"బొచ్చును అడిగేటోడు ఎవడున్నడు మామా? ఊరంత ఎర్ర పొట్టేళ్లను తెస్తున్నరు. దాని పిల్లలు ఆరు నెలలకే ఎంత తూగుతున్నయో సూడు."

కోస్తా వైపు నుంచి వచ్చే జాతి అది. పొడుగు కాళ్లు, నున్నటి వెంట్రుక, ఉన్ని ఉండదు. మామ ఒక్క మాటే అడిగాడు.

"తూగుతది బిడ్డా. వానకు ఆగుతదా?"

మా ఆయన నా వైపు మాట్లాడాడు. నేను గెలిచాను. ఐదారేళ్లలో మంద ఎర్రబడింది. పిల్లలు నిజంగానే ఏపుగా పెరిగాయి. మామ వాటిని "నీ దొరబిడ్డలు" అనేవాడు. నాకు కోపం వచ్చేది కాదు, గర్వంగానే ఉండేది.

తర్వాత ఒక వానాకాలం ముసురు పట్టింది, వదల్లేదు. దొరబిడ్డలు దగ్గడం మొదలుపెట్టాయి. గిట్టల మధ్య పుండ్లు పడ్డాయి. మందులు తాగించాం, సూదులు వేయించాం. పొద్దున లేచి దొడ్లోకి పోతే ఒకటో రెండో కాళ్లు చాచి పడి ఉండేవి. మిగిలిన నాలుగు నల్ల గొర్రెలు మాత్రం ఒళ్లు దులుపుకొని నెమరు వేస్తూ నిలబడ్డాయి. మామ దాచుకున్న ఒకే ఒక్క నల్ల పొట్టేలు అప్పటికే పండు ముసలిది, అది కూడా ఆ ముసురులోనే పోయింది. మామ నన్ను ఏమీ అనలేదు. ఒక మాట అని ఉంటే నాకు బాగుండేది.

ఆ వానల్లోనే, మంద కోసం తుమ్మ కొమ్మలు కొడుతుంటే మా ఆయనను పాము కరిచింది. నిజామాబాద్ దవాఖానాకు తీసుకుపోయాం. లోపల ఆయనకు స్పృహ లేదు. నేను వరండాలో గోడకు ఆనుకొని కూర్చొని మా కులదేవుడు బీరప్పకు మొక్కుకున్నాను. "ఈయనను నిలబెట్టు. మా మందల అన్నిటికన్న మేలుది ఏదుంటే అదే నీకు ఇస్త" అన్నాను. తెలివి ఉన్నదాన్నయితే "ఒక పొట్టేలు ఇస్త" అని ఊరుకునేదాన్ని. దేవుడి దగ్గర కూడా గొప్పకు పోయే నోరు నాది.

ఆయన బతికాడు. ఇంటికి వచ్చేసరికి నాలుగు నల్ల గొర్రెల్లో ఒకటి ఈని ఉంది. మగపిల్ల. చచ్చిపోయిన ముసలి పొట్టేలుకు చివరి పిల్ల. నేను మొక్కు సంగతి చెప్పగానే మామ ఆ పిల్లను ఒళ్లోకి తీసుకొని మెడ వెనక బొచ్చు నలిపాడు. చాలాసేపు చెయ్యి తీయలేదు.

"మేలుది ఇదే" అన్నాడు.

ఇంకొకదాన్ని చూపించవచ్చు. ఆయన మాట కాదనే వాళ్లు ఎవరూ లేరు. కానీ మేలుది ఏదని అడిగితే ఆయన నోటికి అబద్ధం రాలేదు. ఇచ్చిన మాట నాది, పోయింది ఆయన ఆఖరి పొట్టేలు.

మా ఇంట్లో దేవుడికి విడిచిన పొట్టేలుకు మెడలో పసుపు గుడ్డ కడతారు. మొక్కు తీరేదాకా కత్తెర తగలనివ్వరు. అది గొర్రెలతో కలవకూడదు, అందుకని పెద్దదయ్యాక పొట్ట కింద గోనెపట్టా వేలాడేట్టు కట్టేస్తారు. ఈ ఆచారం ఎప్పటిదో నాకు తెలియదు. కలిసిన పొట్టేలు దేవుడికి ఎంగిలి అంటారు.

పొట్టేలు రెండేళ్లు పెరిగింది. కత్తిరించని ఉన్నితో ఒళ్లు రెండింతలైంది. చైత్రంలో బీరప్ప పండగకు మొక్కు తీర్చాలి. ఈ పొట్టేలు పోతే మాకిక నల్లది లేదు. ఇంకొకటి దొరుకుతుందేమోనని తిరిగాను. రుద్రూర్ వైపు చూశాను, నందిపేట్ దాకా పోయాను. ఎవరి దొడ్లో చూసినా ఎర్రవే. బోధన్ అంగట్లో సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ గొల్లాయనను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, తమ దగ్గర కూడా అంతేనన్నాడు.

మాఘంలో మా ఆయన మిగిలిన ఎర్ర మందను తోలుకొని కింద కాల్వ పొలాలకు పోయాడు. చెరుకు కొట్టిన మళ్లలో మందను పెట్టమని అక్కడి రైతు కబురు పంపాడు. ఇంటి దగ్గర ముసలి నల్ల గొర్రెలు నాలుగు, దేవుడి పొట్టేలు, మామ, నేను మిగిలాం. ఒక మధ్యాహ్నం మామ వేపచెట్టు కింద కునుకు తీస్తుండగా దొడ్లోకి పోయి గోనెపట్టా ముడి విప్పాను. పొట్టేలు తల్లిని వేరే కట్టేసి, మిగతా మూడింటి మధ్య దాన్ని వదిలాను. భయం వేసింది. అయినా పొద్దుగూకే ముందు మళ్లీ కట్టేసి ఏమీ ఎరగనట్టు రొట్టెలు చేశాను. ఇరవై రోజులు అదే పని.

దేవుడికి ఇవ్వనని నేను అనుకోలేదు. ఇచ్చేలోపు మాకు కొంచెం మిగుల్చుకుందామనే అనుకున్నాను. ఆ మాటే నాకు నేను వంద సార్లు చెప్పుకున్నాను.

పండగ రోజు గుడి ముందు ఒగ్గు పూజారి రంగు పొడులతో పట్నం ముగ్గు వేశాడు. బండారి పసుపు చల్లారు, డోళ్లు మోగాయి. కులమంతా చేరింది. పొట్టేలును తెచ్చి నిలబెట్టి, మెడ నుంచి తోక దాకా వీపు మీద పసుపు నీళ్లు పోశారు. నీళ్లు పడగానే పొట్టేలు ఒళ్లు దులపాలి. దులిపితే దేవుడు ఒప్పుకున్నట్టు. దులపకపోతే ఒప్పుకోనట్టు.

దులపలేదు. ఇంకో చెంబు పోశారు. కదల్లేదు. ఎవరో పెట్టిన మామిడాకు నములుతూ నిలబడింది.

కారణం నాకు తెలుసు. ఉన్నికి జిడ్డు ఉంటుంది. రెండేళ్లుగా కత్తెర తగలని ఒళ్లు. నీళ్లు పైపైనే జారి నేలపాలవుతున్నాయి, ఒక్క చుక్క కూడా చర్మం దాకా పోవడం లేదు. ఈ మధ్య అందరూ తెచ్చేవి ఎర్ర పొట్టేళ్లు, చెంబు ఎత్తగానే దులిపేస్తాయి. ఆ గుంపులో కుర్రవాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. నాకు నోటిదాకా వచ్చింది. కానీ నోరు మూసుకున్నాను. మూడు రోజులు దులపకపోతే పొట్టేలును వెనక్కి పంపేస్తారు. పోనీ, వెనక్కే రానీ అనుకున్నాను. ఇంకోపక్క అనుమానం. జిడ్డు వల్లనా, నేను చేసిన పని వల్లనా? దేవుడి ముందు నిలబడ్డాక తెలిసిన కారణం కూడా సరిపోదు.

"తప్పు జేసినోళ్లు ఎవలన్న ఉంటే ఒప్పుకోండ్రి. అయ్య అలిగిండు" అన్నాడు పూజారి.

మరిది ముందుకొచ్చి, పొద్దున బోధన్ బస్టాండు దగ్గర గుడ్డు తిన్నానని చెంపలేసుకున్నాడు. ఒక చెంబు పోశారు. ఆడబిడ్డ, అత్తగారిని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చానంది. ఇంకో చెంబు. మా ఆయన, నిన్న కల్లు ముట్టానన్నాడు. నలుగురూ నవ్వారు. పొట్టేలు మాత్రం నవ్వులకూ నీళ్లకూ లొంగలేదు. మా వాళ్లంతా అయిపోయాక అందరూ నా వైపు చూశారు. ఎవరితోనైనా పోట్లాడే నా నోరు ఆ రోజు పెగల్లేదు. ఈ మొక్కు మా ఆయన ప్రాణం మీద పెట్టింది. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన ముందు ఎట్లా చెప్పేది?

అప్పుడు మామ కర్ర పక్కన పెట్టి లేచాడు.

"నేనే. మాగంల పట్టా ఇప్పింది నేనే. నల్ల మంద ఖతమైతదని ఆశకు వోయిన. దేవుని దాన్ని ఎంగిలి జేసిన" అన్నాడు.

డోళ్లు ఆగిపోయాయి. ఆయన చేతులతో తడుముకుంటూ పొట్టేలు దగ్గరికి పోయాడు. మెడ నుంచి తోక దాకా పాపిడి తీసినట్టు ఉన్నిని రెండు పక్కలకు విడదీశాడు. తెల్లటి చర్మం కనిపించింది. "ఇగ పొయ్యి" అన్నాడు పూజారితో. నీళ్లు పడ్డాయి. పొట్టేలు ఒళ్లంతా ఒక్కసారి దులిపింది. చుట్టూ ఉన్నవాళ్లందరి మీదా పసుపు నీళ్లు చిందాయి. జనం కేక పెట్టారు.

పొట్టేలు దేవుడికి పోయింది.

పెద్దలు అక్కడే కూర్చొని తీర్పు చెప్పారు. దేవుడి సొత్తుకు ఆశపడ్డవాడు వచ్చే పండగ దాకా దొడ్డి చుట్టూ ఉన్న ముళ్ల కంప దాటి లోపలికి పోకూడదు, గొర్రెను ముట్టకూడదు. ఎనభై ఏళ్లు గొర్రెల మధ్యనే బతికిన మనిషికి ఆ శిక్ష. ఆయన తల ఊపాడు.

మర్నాడు ఎవరూ లేనప్పుడు ఆయన ముందు కూర్చున్నాను. నా ఏడుపు నాకే అసహ్యంగా ఉంది.

"ఎందుకు మామా? ఇప్పింది నేను గదా!"

"ఎర్కే. ముడి సూస్తె తెల్వదా? నేను కట్టే ముడి వేరు, నువ్వు కట్టేది వేరు. చేతికి తలిగింది."

"మరి అప్పుడే నన్ను తిట్టకపోతివి?"

"తిట్టలె. ఆపలె. లోపల సంబురపడ్డ బిడ్డా. గది తప్పు గాదా?" అన్నాడు. "నిన్న నువ్వు చెప్తవేమోనని సూసిన. నువ్వు చెప్తలేవని నేను చెప్పిన."

ఆ ఆఖరి మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. ఆయన తిడుతున్నట్టు అనలేదు. ఉన్న మాట అన్నాడు, అంతే.

నేను కులపెద్ద ఇంటికి పోయాను. జరిగిందంతా చెప్పాను, ఏ రోజు విప్పాను, ఏ గొర్రెను పక్కన కట్టేశాను, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, నా తల మీద చెయ్యి పెట్టాడు.

"కోడలంటే నువ్వు బిడ్డా. ముసలోని కోసం తప్పు నెత్తినేసుకుంటున్నవు. ఈ కాలంల ఎవలు జేస్తరు?"

నేను అరిచాను, ఒట్టు వేశాను. అరిచిన కొద్దీ ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మామను పిలిపించి అడిగితే "నేనే" అన్నాడు. మా ఆయన కూడా నన్ను నమ్మలేదు. "నా పానం మీది మొక్కు నువ్వెట్ల చెడగొడతవు, ఊకో" అన్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో నా పేరు గొప్ప కోడలిగా మోగింది. పెళ్లిళ్లలో నన్ను చూపించి కొత్త కోడళ్లకు బుద్ధులు చెప్పేవాళ్లు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆషాఢంలో మూడు గొర్రెల్లో రెండు ఈనాయి, మూడోది చూలు నిలవలేదు. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్ల. రెండూ నల్లవే. మామ దొడ్డి కంప అవతల రాయి మీద గొంగడి కప్పుకొని కూర్చొని ఉన్నాడు. కొత్త పిల్ల అరుపు విని లేచి నిలబడ్డాడు.

"ఎట్లుంది?"

"నల్లగుంది మామా."

"నల్లగుంటె సరిపోదు. బొచ్చెట్లుందో చెప్పు. మెడెనక సూడు. తొడ మీద సూడు."

నాకు చూడడం రాదు. ముప్పై ఏళ్లు గొర్రెల మధ్య ఉన్నాను, పాలు పిండాను, మందులు తాగించాను, పోట్లాడాను. ఉన్నిని మాత్రం వేళ్లతో చూడలేదు, అది ఆయన పని అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన కంప అవతల, నేను కంప ఇవతల. రోజూ పొద్దున మగపిల్లను ఒళ్లో పెట్టుకొని బొచ్చు విడదీసి చెప్పేదాన్ని. ఆయన విసుక్కునేవాడు. "మెత్తగుందంటె ఎట్ల? నలుపు. ఉంగరం తిరుగుతుందా, సాపుగుందా? నడుమ గరుకెంటిక తలుగుతుందా?" తొడ మీద సాపు వెంట్రుకలు ఉన్నాయని చెప్పిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నేనూ తినలేదు. ఎక్కడో పాత తరంలో ఎర్ర రక్తం కలిసి ఉంటే ఇంత చేసిందీ వృథా. మూడు నెలలు ఆగి చూడమన్నాడు. పుట్టు వెంట్రుక అయితే రాలిపోతుందన్నాడు.

మూడు నెలలకు రాలిపోయింది. కింద నుంచి ఉన్ని వచ్చింది. మొదటి బొచ్చు కత్తిరించేముందు ఏడు చోట్ల విడదీసి చూసి, ప్రతి చోటూ ఆయనకు చెప్పాను. ఆయన గడ్డం కింద చేతులు పెట్టుకొని విన్నాడు.

"ఉంచు దీన్ని" అన్నాడు చివరికి.

నాకు ఆపుకోలేనంత సంతోషం వచ్చింది. పిల్లను ఎత్తుకొని కంప దగ్గరికి పోయాను. మా ఆయన మందను మేపడానికి పోయాడు. మిట్ట మీద మనిషన్నవాడు లేడు.

"మామా, ఎవలు లేరు. చెయ్యి పెట్టి సూడు. నాకు వచ్చింది తప్పో ఒప్పో నువ్వే చెప్పు."

పిల్ల మూతి కంప మీదుగా ఆయన వైపు చాపింది. ఆయన ముఖం దాని వైపు తిరిగింది. వాసన పట్టాడు, నాకు తెలిసింది. చేతులు గొంగడిలోంచి సగం బయటికి వచ్చాయి. మళ్లీ లోపలికి తీసుకున్నాడు.

"వద్దు బిడ్డా. దేవుని ముందట ఒప్పుకున్న. పండగ రానీ."

ఎన్నోసార్లు బతిమాలాను. ఒకసారి కోపంతో తిట్టాను కూడా. "నువ్వు చెయ్యని తప్పుకు ఇంత పట్టింపేంది" అన్నాను. ఆయన నవ్వాడు.

పుష్యంలో చలికి జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. పండగకు ఇంకా మూడు నెలలుంది.

ఆ మగపిల్ల ఇప్పుడు మా మందలో పొట్టేలు. దానికి పుట్టిన నల్ల పిల్లలు దొడ్డి నిండా ఉన్నాయి. వాటిలో ఏది ఉండాలో నా వేళ్లతో నేనే తేలుస్తున్నాను. ఆయన వాటిలో ఒక్కదాన్ని కూడా ముట్టలేదు.